పెంకి గుంటకు ఎప్పుడూ పదహారే

ఆ కబురు నాకు మొదట తెచ్చింది భావనపాడు నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్మే ముసలమ్మ. శనివారం మా ఇంట్లో చేప ముట్టమని ఆవిడకు తెలుసు. ఇన్నేళ్లలో ఒక్క శనివారం కూడా కోటబొమ్మాళిలో మా వీధి తొక్కలేదు. ఆ రోజు తట్ట లేకుండా వచ్చింది. ఎప్పటిలా మెట్టు మీద కూర్చోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి, "పాపా, ఆ ఈడియోల గుంట పోనాదమ్మా" అంది.

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఒప్పుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది. "నేను రాయలేదే!" అన్నాను. నాకు చెప్పకుండా పెంకి గుంటను కథలో ఎవరు చంపేశారని కోపం కూడా వచ్చింది.

ముసలమ్మ నా ముఖంలోకి చూసింది. "రాయడమేటమ్మా? జొరం. పచ్చకామెర్లు. సిక్కోలు పెద్దాసుపత్రిలో. మన గుంటమ్మా, మీ అరుగు మీద కూకుండీ గుంట."

అప్పుడు తెలిసింది నాకు, పోయింది నా స్నేహితురాలని. ఫోనులో ఎవరి నోటో వింటే నేను తట్టుకోలేనని, నా పక్కన మనిషి ఉండాలని, ఆ వయసులో రెండు ఆటోలు మారి వచ్చిందావిడ. నేను పడిపోతే పట్టుకోవడానికి ఒక చేయి ముందుగానే చాపి ఉంచింది. ఆ చేతిని నేను మరిచిపోలేదు. కానీ ఆ ముసలమ్మను చూసినప్పుడల్లా నా మొదటి మాటే గుర్తొస్తుంది. చచ్చిపోయిన మనిషికీ, నేను కాగితం మీద పుట్టించిన పిల్లకీ తేడా తెలియని మాట. బతికున్నంతకాలం నా స్నేహితురాలు కోరుకున్నది ఆ తేడా ఒక్కటే.

తెలియనివారికి చెప్పాలి. మా వీధి చివర ఒక ఫొటో స్టూడియో ఉంది. దాన్ని నడిపే ఆయన్ని మేమంతా స్టూడియో మావ అంటాం. మూఢాల్లో పెళ్లిళ్లు లేక కెమెరా ఊరికే పడి ఉంటే చూడలేక, తన ఇంట్లోనే ఒక కామెడీ సీరియల్ మొదలుపెట్టాడు. ఆదివారం ఆదివారం పావుగంట, ఫోనుల్లో చూసుకునేది. తండ్రి వేషం ఆయనే, తల్లి ఆయన భార్య, నాయనమ్మ ఆయన తల్లి. ఆ ఇంట్లో పదహారేళ్ల కూతురు. ఎవరి మాటా వినదు, ఎవరికీ జడవదు. కథలో ఆ పిల్లకు వేరే పేరు లేదు. మా వైపు ఆడపిల్లను పిలిచినట్టే అందరూ "గుంటా" అంటారు. కోపం వస్తే "పెంకి గుంటా" అంటారు. జనం ఆ రెండోది పట్టుకున్నారు. మాటలు నేను రాసేదాన్ని. వేషం నా స్నేహితురాలు వేసేది.

నేను బడిలో చదువుకున్నదాన్ని కాదు. ఏడో ఏట తరగతిలో రెండుసార్లు మూర్ఛ వచ్చి పడిపోయాక, నాన్న నన్ను ఇంటికి తెచ్చేసుకుని, పొలం పని అయ్యాక తనే చదువు చెప్పాడు. పలక, తర్వాత పురాణాలు, తర్వాత పాత వారపత్రికలు. దేవుడు నాకు బడి ఇవ్వకపోయినా అంతకంటే మంచి పంతులునే ఇచ్చాడు. నా స్నేహితురాలు ఆ చదువులోకే వచ్చి చేరింది. వాళ్లదీ ఆ ముసలమ్మ ఊరే, భావనపాడు. వాళ్లమ్మ చేపల తట్టతో వీధులన్నీ తిరిగి వచ్చేదాకా, సెలవు రోజుల్లో కూతుర్ని మా అరుగు మీద కూర్చోబెట్టి వెళ్లేది. నాకప్పుడు పదకొండు, ఆమెకు ఆరు. మా వైపు అక్కను పిలిచినట్టు నన్ను అప్పా అని పిలిచేది. మాట చాలా తక్కువ. నాన్న ప్రహ్లాదుడి కథ చెబుతుంటే, ఏనుగు కాళ్ల దగ్గర ఆయన గొంతు తగ్గినప్పుడు, ఒక్క అడుగు నా వైపు జరిగేది. అంతే. అడిగితే తప్ప మాట్లాడేది కాదు.

కాని ఎవరి గొంతైనా ఒకసారి వింటే తన గొంతులో దించేసేది. స్టూడియో మావకు కూతురు వేషానికి పిల్ల దొరకలేదు. మా వీధిలో ఏ ఇంటివాళ్లూ పంపలేదు. ఆమెను పిలవమని చెప్పింది నేనే. అప్పటికామెకు పదిహేడు. నేను రాసిన మొదటి కాగితం నా గదిలో చదివి వినిపించాను. తలుపు వేసి, నాన్నకు వినపడకుండా, నా పొగరంతా గొంతులోకి తెచ్చి చదివాను. ఆమె కళ్లు పెద్దవి చేసి విన్నది.

"అప్పా, నీ లోపల ఇంత ఉన్నాదేటి?" అంది.

ఆ తర్వాత అదే గొంతు, అదే విసురు, తనే తిరిగి చెప్పింది. నేను ఎన్నడూ ఎవరి ముందూ అనలేని మాటలు నా ఎదురుగా నిలబడి పలుకుతున్నాయి.

మొదటివారం కథ ఇదీ: తండ్రి ఫోను లాక్కుంటాడు. గుంట డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన నిరాహార దీక్షకు కూర్చుంటుంది. వీధంతా కింద చేరుతుంది.

"ఒసే గుంటా! దిగుతావా, నేదా?"

"ఫోనిస్తే దిగుతాను. పకోడీ ఇస్తే ఆలోసిస్తాను."

"దీచ్చ సేసీవోలు పకోడీ తింతారేటే?"

"నాను దీచ్చ సేస్తన్నాది నీ మీద నాన్నా, పకోడీ మీద కాదు."

చెవుడున్న నాయనమ్మ ఇదేమీ పట్టకుండా తాడు కట్టి బుట్టలో పకోడీలు పైకి పంపుతుంది. ఆ ఒక్క పావుగంటతో పెంకి గుంట ఇటు ఇచ్ఛాపురం నుంచి అటు విజయనగరం దాకా తెలిసిపోయింది.

ఆ పిల్ల ఎంత పొగరుదో స్నేహానికి అంత మెత్తన. ఆమెకు ఒకే ఒక స్నేహితురాలు, దర్జీ కూతురు. ఆ దర్జీ కూతురు ఎప్పుడూ బయటికి రాదు. కిటికీ వెనక మిషను దగ్గరుంటుంది, గొంతు మాత్రమే వినిపిస్తుంది. గుంట ఊరంతా తిరిగి, ఆ కిటికీ దగ్గరికి వచ్చి అన్నీ చెబుతుంది; ఆమె కోసం అబద్ధాలాడుతుంది, తన్నులు కూడా తింటుంది. ఆ కిటికీ వెనక గొంతు నాదే. అది ఎవరి స్నేహమో మా ఇద్దరికీ తెలుసు. కాకపోతే నిజంలో తిరిగి వచ్చి చెప్పే మనిషి నెమ్మదిగా, ఆగి ఆగి చెప్పేది. అవతల కిటికీ వెనకున్నదానికే పొగరెక్కువ.

ఇక ప్రేమలు. పెంకి గుంటకు ప్రేమలు మూడు. మొదటివాడు ఫోను గ్లాసులు అతికించే కుర్రాడు. వాణ్ణి చూడ్డానికి వారానికొకసారి కావాలని ఫోను కింద పడేసేది. వాడు ఒకరోజు "పగలని గ్లాసొచ్చిందండీ" అన్నాడు. అంతటితో ప్రేమ అయిపోయింది. రెండోవాడు ట్యూషన్ మాస్టారి కొడుకు. "నీ కళ్లు సముద్రం" అని కవిత రాశాడు. "మా పెద్దమ్మోలూరి సముద్రం ఎప్పుడేనా సూసినావేటి? ఒడ్డంతా సేపల కంపు. అలగుంటాయేటి నా కల్లు?" అని కాగితం వాడి జేబులోనే పెట్టేసింది. ఈ రెండూ నా తలలో పుట్టినవి.

మూడోది నేను పుట్టించింది కాదు.

సాలూరు నుంచి చేపల లోడు కోసం భావనపాడు వైపు లారీలు వచ్చేవి. ఆ లారీల్లో ఒకదాని డ్రైవరు, కొత్తగా మీసం దువ్వుతున్న మనిషి, నా స్నేహితురాలి ఇంటి మలుపు దగ్గరికి రాగానే రెండు పొట్టి హారన్లు, ఒక పొడుగు హారన్ కొట్టేవాడు. ఏడాదిన్నర పాటు వాళ్ల మధ్య నడిచింది ఆ హారనే. ఆమె బయటికి వచ్చేది, అతను తల దించుకుని వెళ్లిపోయేవాడు. ఈ సంగతి ఆమె నాకు మా అరుగు మీద చెప్పింది, చీర కొంగు ముడివేస్తూ విప్పుతూ. ఆమె నాకు చెప్పిన ఒకే ఒక్క రహస్యం అది.

మరుసటి ఆదివారానికి నా దగ్గర కథ లేదు. రాసేశాను. లారీని జీపుగానైనా మార్చలేదు. రెండు పొట్టి, ఒక పొడుగు, ఆ మీసం, అన్నీ అలాగే రాశాను. ఆమె కాగితం చదివి, "ఇదేటప్పా?" అంది. "ఎవరికి తెలుస్తుందే, నవ్వుకుంటారంతే" అన్నాను. నా మాట కాదనడం ఆమెకు రాదు. కెమెరా ముందు నిలబడి తన రహస్యాన్ని నా మాటల్లో, నా పొగరుతో చెప్పేసింది.

ఆ కథ అన్నిటికంటే ఎక్కువమంది చూశారు. హైవే మీద లారీలన్నీ అదే హారన్ కొట్టడం మొదలుపెట్టాయి. ఏ లారీ ఎవరిదో తెలియక ఆమె మలుపు దగ్గరికి రావడం మానేసింది.

అప్పటినుంచి ఆమెకు ఎక్కడికి వెళ్లినా ఇదే గోల. సంతలో, బస్సులో, గుడి క్యూలో కూడా "ఒసే పెంకి గుంటా, మీసాలోడేడే?" అని అరిచేవాళ్లు. ఆమె తల వంచుకుంటే, "నటిస్తన్నాది సూడు" అని మరింత నవ్వేవాళ్లు. కథలో పిల్లకు ఎప్పుడూ పదహారే. ఈమెకు ఇరవై దాటింది, ఇరవై మూడు వచ్చింది. ఇంకా రెండు జడలు వేసుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని గోడలు దూకుతూనే ఉంది.

ఆ డ్రైవరు తల్లికి సంబంధం మాట చెప్పాడు. ఆవిడ సాలూరు నుంచి పిల్లను చూడ్డానికి వచ్చింది. ఆ రోజు జరిగింది ఆమె నాకు మా అరుగు మీద కూర్చుని చెప్పింది. ఆవిడ మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, సూటిగా అడిగిందట.

"ఆ గ్లాసుల సాపోడితో ఏటయిందే?"

"ఆడు లేడండీ. అది కత."

"మాస్టారి కొడుకు?"

"అదీ కతేనండి."

"మరి మావోడు?"

ఆ మూడోది నిజం కదా. మూడూ అబద్ధమని చెప్పలేదు, మూడూ నిజమని చెప్పలేదు. "ఆ పిల్ల ఏరండీ, నానేరు" అంది. ఆవిడ, "ముకం ఒకటే కదమ్మా. మా ఈదిలో అందరికీ తెలుసు నువ్వెవలివో. ముందు ఆ ఏసాలాపు. ఆ పిల్లని ఏదోలాగ మర్యాదగా కడ తేర్చమను. అప్పుడొచ్చి మాటాడతాను" అని లేచిపోయిందట. చెడ్డది కాదావిడ. తలుపు పూర్తిగా మూయలేదు.

ఇదంతా చెప్పి ఆమె నన్ను అడిగింది. ఆమె నన్ను ఏదైనా కోరడం అదే మొదటిసారి.

"అప్పా, ఆ గుంటని పంపీ."

"ఎక్కడికే?"

"ఎక్కడికేనా. సదూకి పంపీ. పెల్లి సేసీ. దుబాయ్ పంపీ. నీకు రాయడం సేతకాదేటి? ఆ పిల్ల ఉన్నంతకాలం నానెవలికీ అగుపడనప్పా."

"అలాగే" అన్నాను. చవితి వెళ్లనీ అన్నాను. తర్వాత దసరా ప్రత్యేకం అయిపోనీ అన్నాను. దీపావళి కూడా వెళ్లింది. స్టూడియో మావను తప్పు పట్టలేను. ఆయన్ని అడిగితే ఒక్క మాటతో ఆపేసేవాడు. నేను అడగలేదు. మా గుమ్మం దాటాలంటే ఎవరో ఒకరు తోడు రావాల్సిన మనిషిని నేను. పెంకి గుంట తోడు లేకుండా వెళ్లేది. బైకులెక్కేది, డాబాలెక్కేది, తండ్రి కళ్లలోకి చూసి ఎదురు చెప్పేది. పొద్దున్నే దీపం పెట్టి, నామం చదువుకుని, అదే పీట మీద కూర్చుని ఆ పొగరంతా రాసేదాన్ని. అది ఆగిపోతే నాకేం మిగులుతుందని భయం. నా స్నేహితురాలి జీవితం ఎదురుచూస్తుంటే, నేను నా ఆట మానలేకపోయాను. దేవుడి ముందు ఇదే రోజూ చెప్పుకుంటాను, ఇక్కడ కూడా చెబుతున్నాను.

కార్తీకంలో ఒక గురువారం ఆమె నుంచి ఫోనులో రికార్డు చేసిన మాట వచ్చింది. గొంతు నీరసంగా ఉంది. "అప్పా, జొరంగా ఉన్నాది. ఈ వారం రాలేను. మావకి సెప్పీ."

గుంటను పంపెయ్యలేదని అలిగిందనుకున్నాను. కథలో గుంట ఇష్టంలేని పని వచ్చినప్పుడల్లా జ్వరమని దుప్పటి కప్పుకుంటుంది. అది రాసింది నేనే. నవ్వుతూ నేనూ మాట పంపాను: "ఒసే పెంకి గుంటా, నాటకాలు కట్టిపెట్టు. ఆదివారం రాకపోతే నీ మీసాలోడికి గ్లాసుల సాపోడి చేత ఉత్తరం రాయించీగలను."

ఆమె వింది. విన్నట్టు ఫోనులో గుర్తు పడింది. జవాబు రాలేదు. తర్వాతి వారం మధ్యలో ఆసుపత్రిలో చేర్చారు. అది నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండో శనివారం ముసలమ్మ తట్ట లేకుండా వచ్చింది.

పదోరోజుకు నాన్న నన్ను ఆటోలో భావనపాడు తీసుకెళ్లాడు. టెక్కలి దాటాక టీకొట్టు దగ్గర ఆటో ఆగింది. కొట్టువాడి ఫోనులో ఆమె గొంతు. "నాను దీచ్చ సేస్తన్నాది నీ మీద నాన్నా." బల్ల మీద కూర్చున్నవాళ్లు పగలబడి నవ్వారు. వాళ్లకు తెలియదు. నాన్న నా చెవులు మూయబోయి, చేతులు సగంలో ఆపేశాడు. అవి నేను రాసిన పలుకులు. ఆమె నోటిలో ఇంకా బతికి తిరుగుతున్నాయి, ఆమె లేకుండా. అప్పటినుంచి ఏ కొట్టు దగ్గర ఏ ఫోను మోగినా తల తిప్పి చూస్తాను. మందులు కొనే చోట, బియ్యం మిల్లు దగ్గర, రైల్వే గేటు పడి బళ్లన్నీ ఆగినప్పుడు పక్క కారులో కూడా ఆమె పదహారేళ్ల పిల్లై నవ్వుతుంటుంది.

భావనపాడు మలుపులో పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. స్టూడియో మావ ఏడుస్తూ, తిండి మానేసి, తన చేతులతో తయారు చేసింది. మా వైపు మనిషి పోతే ఫ్లెక్సీ కట్టకపోతే అవమానం చేసినట్టు. అందులో నల్ల కళ్లద్దాలు, రెండు జడలు, బయటపెట్టిన నాలుక, బైకు మీద ఒక కాలు. కింద పెద్ద అక్షరాల్లో "మా పెంకి గుంటకు కన్నీటి నివాళి". చుట్టూ పిల్లలు ఫోనులతో ఫొటోలు తీసుకుంటున్నారు.

ఆమె తల్లి ఆ ఫ్లెక్సీ కిందే నిలబడి ఉంది. చదువు రాదు. నన్ను చూడగానే చేయి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"నువ్వు సదుకున్నదానివి. నా కూతురి పేరు ఏ పక్కనున్నాదమ్మా? ఏలు పెట్టి సూపించు."

పైనుంచి కిందదాకా చదివాను. మళ్లీ చదివాను. "లేదత్తా" అన్నాను.

"నేదా?"

"లేదత్తా. గుంట అనే ఉంది."

స్టూడియో మావ అక్కడే ఉన్నాడు. నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, నాకు తట్టనే నేదు! ఆరేళ్లు అలగే పిలిసినాను, సెయ్యి అలగే టైపు కొట్టీసినాది. ఓ ఫొటో ఇయ్యి, ఇప్పుడే మార్పించీస్తాను" అన్నాడు. అప్పుడందరం వెతికాం. ఆయన కంప్యూటరు నిండా వేషంలో ఉన్న ఫొటోలే. నా ఫోనులో కూడా అవే. ఇంట్లో ట్రంకుపెట్టె తీస్తే ఆధార్ కార్డు దొరికింది. అందులో ముఖం ఉండాల్సిన చోట నల్లగా ఒక మచ్చ. ఆరేళ్లు అంతమంది చూసిన పిల్లకు తన ముఖంతో ఒక్క ఫొటో లేదు.

ఆ సమయంలోనే సాలూరు నుంచి తల్లీ కొడుకూ వచ్చారు. అతను లారీలో రాలేదు. బస్సు దిగి నడిచి వచ్చాడు. మీసం తీసేశాడు. ఇసుకలో ఒక మూల కూర్చున్నాడు. అతని తల్లి ఫ్లెక్సీ ముందు నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. తర్వాత మా వైపు తిరిగి, "ఈ పిల్లేటి? నాను సూసిన పిల్ల ఇలగ నేదు. నాను సూసిన పిల్ల తలెత్తనేదు. నా కాల్లకి నీల్లిచ్చి, సెంబు సప్పుడు కాకుండా పెట్టింది" అంది.

ఆ మాట ఆమె బతికుండగా వినాల్సిన మాట. అదే మనిషి నోట, అదే ఇంటి ముందు. ఆమె తల్లి ఆవిడ భుజం మీద తల పెట్టి అప్పుడు ఏడ్చింది, అంతదాకా ఏడవలేదట. స్టూడియో మావ నిచ్చెన తెచ్చి ఫ్లెక్సీ విప్పేశాడు. నలుగురూ వద్దంటున్నా మడత పెట్టి ఆటోలో వేసుకున్నాడు. ఖాళీ కర్రలు రెండు మిగిలాయి. నాకు అవే మర్యాదగా అనిపించాయి.

భోజనాలయ్యాక, మధ్యాహ్నం ఎండలో, ఆమె తల్లి నన్ను వసారాలో చాప మీద కూర్చోబెట్టుకుని ఫోను చేతిలో పెట్టింది.

"ఇందులో మాటాడతన్నాది కదా. రోజూ సెవి పెట్టి ఇంతన్నాను. ఇయ్యన్నీ దాని మాటలేటి?"

"కాదత్తా. నేను రాసినవి."

"అన్నీనా?"

"అన్నీ."

"దానియి ఏవో నాకు సూపించమ్మా. అయే ఇంతాను."

ఒక్కొక్క కథా తెరిచాం. ఇది నాది, ఇదీ నాది, ఈ పొగరు నాది, ఈ విరుపు నాది అని చెప్పుకుంటూ పోయాను. తల్లి ప్రతిసారీ తల ఊపింది. కోప్పడలేదు. జ్వరమన్నప్పుడు నేను పంపిన ఆ మాట ఆసుపత్రిలో మళ్లీ విన్నదా అని అడగడానికి నాకు అప్పటికి ధైర్యం వచ్చింది. "ఇన్నాది. రెండుసార్లు ఎట్టించుకుంది. ఏటీ అన్నేదు" అంది. ఆ "ఏటీ అన్నేదు" నాతోనే ఉంది. జపం చేసుకునేటప్పుడు పూసకూ పూసకూ మధ్య అదే వినిపిస్తుంది. పోగొట్టమని అడగను. అది నాకు రావలసినదే.

ఎన్ని కథలు చూసినా ఆమె మాట ఒక్కటి దొరకలేదు. నేను ఫోను కింద పెట్టబోయాను. చేయి తగిలి శబ్దం ఆగిపోయింది. బొమ్మ మాత్రం కదులుతోంది. తల్లి ఒక్కసారి ముందుకు వంగింది.

"ఆగమ్మా. సూడు, సూడు."

తెర మీద పెంకి గుంట తండ్రితో పోట్లాడుతోంది. మాట లేదు. నుదుటి మీద పడ్డ వెంట్రుకలను మణికట్టుతో వెనక్కి తోసుకుంటోంది, వేళ్లు తగలకుండా. "సేపలు కోసీదాని సెయ్యది. ఏల్లతో జుట్టు ముట్టుకోదు. నాను నేర్పినాను. నువ్వు రాసినావేటి అది?"

"లేదత్తా. అది నేను రాయలేదు."

మళ్లీ మొదటినుంచి చూశాం, ఈసారి శబ్దం లేకుండా. నా మాటలన్నీ పోయాయి. కిటికీ వెనక నా గొంతు కూడా పోయింది. అప్పుడు ఆమె కనిపించడం మొదలుపెట్టింది. నిరాహార దీక్ష కథలో తాడు పైకి వచ్చినప్పుడు, ముందు ముడి గట్టిగా ఉందో లేదో చూసుకుని తర్వాత లాగింది. వలలవాళ్లింటి పిల్ల. మాస్టారి కొడుకు కాగితం అతని జేబులో తిరిగి పెట్టేటప్పుడు, పొగరుగా మాట్లాడుతూనే మడత నలగకుండా పెట్టింది. హారన్ వినిపించే కథలో మాత్రం, నేను "గుంట ఎగిరి గంతేస్తుంది" అని రాసిన చోట, ఆమె గంతేసే ముందు ఒక్క క్షణం నిలబడిపోయింది. ఆ నిలబడడం నేను రాయలేదు. అది ఇన్నాళ్లూ అందరి ముందూ ఉంది. ఒక్కరమూ చూడలేదు.

వసారాలోకి ఎండ పాకేదాకా అలా చూస్తూ కూర్చున్నాం. నాదనేది ఏమీ మిగలక అంత పేదగా ఉన్న మధ్యాహ్నం నాకింకొకటి లేదు. అంత దయ దొరికింది కూడా ఇంకెప్పుడూ లేదు.

స్టూడియో మావ సీరియల్ ఆపేశాడు. చివరిది ఒకటి రాయమని ఎందరో అడిగారు. రాయలేదు. పాతవి తీసెయ్యమంటారా అని మావ ఆమె తల్లినడిగితే వద్దంది. ఆవిడ వాటిని శబ్దం తీసేసి చూసుకుంటుంది. కింద ఇంకా జనం రాస్తూనే ఉన్నారు, గుంట మళ్లీ ఎప్పుడొస్తుందని.

ఇది రాస్తానని ఆమె తల్లిని అడిగాను. కూతురి పేరు వెయ్యమంటావా అత్తా అన్నాను. "ముకం అందరికీ ఇచ్చీసినాను. పేరు నా దగ్గిరుండనీ అమ్మా" అంది. అందుకే వెయ్యలేదు.

మీ ఫోనులో ఎప్పుడైనా ఆ నల్ల కళ్లద్దాల పిల్ల ఎదురైతే నవ్వుకోండి, తప్పు లేదు. ఆ నవ్వు అయ్యాక ఒక్క నిమిషం శబ్దం తీసేయండి. అక్కడ ఇరవై మూడేళ్ల ఒక అమ్మాయి ఉంటుంది. మాట తక్కువ మనిషి. ఒక లారీ డ్రైవరును పెళ్లి చేసుకోవాలనుకుంది, తను తనలా కనిపించాలనుకుంది. దయచేసి ఆమెను గుర్తుపెట్టుకోండి.